ఇంటి అప్పు, నెలకు రెండువేలు



ఇల్లు కొనడానికో, కట్టుకోవడానికో బ్యాంకులో అప్పు తీసుకొన్నవారి బీరువాలో ఒక కాగితము ఉంటుంది. అప్పు మంజూరైననాడు, చూపిన చోటల్లా సంతకాలు పెట్టించుకొన్న తరువాత, బ్యాంకువారు మన చేతిలో పెట్టిన వాయిదాల పట్టిక అది. గృహప్రవేశపు సందడిలో దానిని దస్తావేజుల నకళ్లతోబాటు ఒక సంచిలో చుట్టి, ఆ సంచిని పట్టుచీరల అడుగున భద్రపరచి, ఆపై ఏండ్ల తరబడి దాని ముఖము చూడనివారే మనలో ఎక్కువమంది. ఈ పావుగంటలో నేను మీతో చెప్పదలచినదంతా ఆ పట్టికలోని మొదటి పంక్తిలోనే ఉన్నది. కనుక ఆ పంక్తినే చదువుదాము.

ఒక దంపతులను ఊహించుకొందాము. భర్త ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు, వయస్సు 44. భార్య ఒక ఆసుపత్రిలో నర్సు. గుంటూరులో రెండు పడకగదుల ఫ్లాటు కొన్నారు. తమ దగ్గరున్నది పోగా 30 లక్షలు అప్పు చేశారు. వడ్డీ ఏడాదికి నూటికి ఎనిమిదిన్నర. గడువు 20 ఏండ్లు. నెలసరి వాయిదా 26,035 రూపాయలు. మొదటి పంక్తి ఏమంటున్నది? ఆ 26,035 రూపాయలలో వడ్డీ కింద పోయినది 21,250. అసలు కింద జమ అయినది 4,785. రేడియోలో అంకెలు చెవిని తాకి జారిపోతాయి గనుక మరొకసారి చెబుతాను. కట్టినది 26 వేలు. అప్పు తగ్గినది 5 వేలకు లోపు.

ఇదేమి అన్యాయము అనిపిస్తుంది. లెక్కలో అన్యాయమేమీ లేదు. కౌలు రైతును అడగండి, క్షణములో విడమరచి చెబుతాడు. ముప్పై ఎకరాలు కౌలుకు పట్టినవాడు ముప్పై ఎకరాలకూ కౌలు చెల్లిస్తాడు. అందులో ఒక ఎకరమును ఆసామికి తిరిగి అప్పగించిననాడు ఆ ఎకరము మీది కౌలు ఆగిపోతుంది. ఆ ఒక్క ఏడే గాక, ఒప్పందము ముగిసేవరకు ప్రతి ఏడూ ఆగిపోతుంది. వడ్డీ అనేది బ్యాంకు సొమ్మునకు మనము చెల్లించే కౌలు. వారి సొమ్ము మన దగ్గర ఎంత ఉంటే అంతకే కౌలు. తొలి ఏండ్లలో ఆ సొమ్ము దాదాపు అంతా మన దగ్గరే ఉన్నది గనుక, వాయిదాలో అధికభాగము దాని కౌలుకే సరిపోతున్నది.

ఇక ఈ దంపతులు ఒక్క నెల కూడా తప్పకుండా, జీతము పడిన వెంటనే వాయిదా చెల్లిస్తూ, నిర్ణీత గడువులో సరిగా సగము దాటారనుకుందాము. పదేండ్లు. కట్టిన మొత్తము 31 లక్షల పైచిలుకు. తీసుకొన్న అప్పు 30 లక్షలే. మరి మిగిలిన బాకీ ఎంత? 21 లక్షలు. మళ్లీ చెబుతున్నాను. 31 లక్షలు కట్టిన తరువాత ఇంకా 21 లక్షలు బాకీ. వాయిదాలో అసలు భాగము వడ్డీ భాగమును దాటడము పన్నెండో ఏటి చివర, 143వ నెలలో గాని జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయుని విరమణ వయస్సు 62. ఈయన అప్పు తీరేనాటికి వయస్సు 64. జీతము ఆగిన తరువాత కూడా రెండేండ్లపాటు వాయిదా ఆగదన్నమాట. 2004 సెప్టెంబరు తరువాత ఉద్యోగములో చేరి, పాత పింఛనుకు నోచుకోనివారికి ఆ రెండేండ్లు ఎట్లాంటివో నేను వర్ణించనక్కరలేదు.

ఇప్పుడు ఉపాయము. ఒకే ఒక్క ఉపాయము. నెలనెలా వాయిదాతోబాటు మరొక 2,000 రూపాయలు కట్టండి.

ఇంతేనా అంటారు. ఇంతే. అయితే ఆ రెండువేలు చేసే పని వాయిదాలోని రూపాయలు చేసే పని వంటిది కాదు. ఆ నెల వడ్డీ అంతా వాయిదాలోనే చెల్లిపోయినది గనుక, ఆపైన కట్టిన ప్రతి రూపాయీ నేరుగా అసలులోనే పడుతుంది. 26 వేలు కడితే అసలు 4,785 తగ్గినది. దానికి 2,000 చేరిస్తే అసలు 6,785 తగ్గినది. చెల్లింపు పెరిగినది నూటికి ఎనిమిది పాళ్లు కూడా లేదు. అప్పు తరుగుదల పెరిగినది నూటికి నలభై పాళ్లకు పైన. ఇట్లా నెలనెలా చేస్తే 20 ఏండ్ల అప్పు 16 ఏండ్ల 9 నెలలకు తీరుతుంది. వడ్డీలో మిగిలేది సుమారు 6 లక్షల రూపాయలు. మన ఉపాధ్యాయుడు 64వ ఏట గాక, 61 నిండకముందే, ఇంకా బడికి పోతూండగానే ఋణవిముక్తుడవుతాడు. రెండువేలకు బదులు అయిదువేలు కట్టగలిగిన ఇంటిలో అదే అప్పు 13 ఏండ్ల 8 నెలలకే ముగుస్తుంది.

ఎంత కట్టామన్న దానికన్న ఎప్పుడు కట్టామన్నది ముఖ్యము. మొదటి ఏడాది చివర ఒక లక్ష రూపాయలు అదనముగా కట్టినవారికి చివరి 18 వాయిదాలు రద్దవుతాయి; అంటే లక్ష కట్టి, ముందుముందు కట్టవలసిన 4 లక్షల 70 వేలను తప్పించుకొన్నట్లు. అదే లక్షను పదిహేనో ఏటి చివర కడితే రద్దయ్యేవి ఆరు వాయిదాలు కూడా నిండవు. చాలామంది దీనికి విపర్యయముగా నడుస్తారు. తొలి ఏండ్లలో కొత్త ఇల్లు, కొత్త సోఫా, తెరల వెనుక దీపాలు, ఇంటీరియర్లకు మరొక అప్పు. జుట్టు నెరసిన తరువాత, పిల్లలకు ఉద్యోగాలు వచ్చిన తరువాత, అప్పు తీర్చివేద్దామన్న ఆరాటము. అప్పటికి వడ్డీలో ముఖ్యభాగము బ్యాంకుకు చేరిపోయి ఉంటుంది. తీర్చవద్దని అనను. తొలి అయిదేండ్లలో ఆ సోఫాను కొంత వాయిదా వేసి ఉంటే బాగుండేదంటాను.

సరే, ఆ రెండువేలు ఎక్కడినుంచి రావాలి? మాట తేలిక, మధ్యతరగతి ఇంటిలో నెలాఖరు ఎట్లా గడుస్తుందో అందరికీ తెలుసు. ఇక్కడ కొంచెము నింపాదిగా మాట్లాడుకొందాము.

మన ఇండ్లలో నెలసరి లెక్క తెలియనివారు అరుదు. పాలు, బియ్యము, కూరలు, కరెంటు బిల్లు, పనిమనిషి జీతము, పెట్రోలు, ఇవి ఏ ఇల్లాలినైనా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లెక్క తప్పించేవి ఇవి కావు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే ఖర్చులు తప్పిస్తాయి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు, ఆస్తి పన్ను, బండి బీమా, శ్రావణములోను మాఘములోను వరుసగా వచ్చిపడే పెండ్లిండ్ల చదివింపులు, ప్రయాణాలు, సంక్రాంతికి అందరి బట్టలు, ఏటా కట్టే ఆరోగ్య బీమా. వీటిని మనము అనుకోని ఖర్చులంటాము. సంక్రాంతి ఏటా జనవరిలోనే వస్తున్నది. అందులో అనుకోనిది ఏమున్నది? కనుక ఒక నోటుపుస్తకములో గత సంవత్సరపు ఇట్లాంటి ఖర్చులన్నీ గుర్తున్నంతవరకు రాసి, కూడి, పన్నెండుతో భాగించండి. 96 వేలు తేలినదనుకోండి, నెలకు 8 వేలు. ఆ 8 వేలను జీతము రాగానే వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాను ఈ ఖర్చులు వచ్చినప్పుడు తప్ప ముట్టవద్దు. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడము వలననే, నాలుగు నెలలు ఉత్సాహముగా అదనపు వాయిదా కట్టినవారు అయిదో నెలలో బడి ఫీజు రాగానే కాడి దించివేస్తారు.

ఆ తరువాత మూడు నెలలపాటు ప్రతి ఖర్చూ రాయండి. ఫోనులో చెల్లించినవి కూడా రాయండి, ముఖ్యముగా ఫోనులో చెల్లించినవి. నోటు విప్పి ఇచ్చినప్పుడు చేతికి తెలిసే ఖర్చు, తెరమీద వేలు ఆన్చి ఇచ్చినప్పుడు తెలియదు. ఎవరూ చూడని ఓటీటీ చందాలు రెండు, ఓపిక లేని ఆదివారము రాత్రులు తెప్పించిన బిర్యానీ పార్సిళ్లు, డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికని అవసరము లేకున్నా బుట్టలో వేసిన మరొక వస్తువు, ఇట్లా వెదికితే రెండువేలు ఏ ఇంటిలోనైనా కనబడతాయని నేను అనను. కొన్ని ఇండ్లలో కనబడవు. అక్కడ అయిదువందలతో మొదలుపెట్టవచ్చు. అయిదువందలు కూడా నేరుగా అసలులోనే పడతాయి. పిల్లల పాలను, పెద్దల మందులను కోసి అప్పు తీర్చే పొదుపును మాత్రము నేను పొదుపు అనలేను.

దొరికిన సొమ్మును నెలాఖరున కడదామనుకోవద్దు. నెలాఖరున ఏమీ మిగలదు. జీతము ఒకటో తేదీన పడితే రెండో తేదీన అది అప్పు ఖాతాకు తనంత తాను పోయేట్లు బ్యాంకులో ఉత్తరువు ఇచ్చిరండి. మా తరపు ఇల్లాండ్రు పోపులపెట్టెలో దాచిన సొమ్ముతో ఎన్ని సంసారాలు గట్టెక్కాయో నాకు తెలుసు, ఆ దాపరికమంటే నాకు గౌరవము కూడా. కాని ఎనిమిదిన్నర శాతము వడ్డీకి తెచ్చిన అప్పు తల మీద ఉండగా, పోపులపెట్టెలోగాని, మూడు శాతమైనా ఇవ్వని పొదుపు ఖాతాలోగాని అవసరమునకు మించిన సొమ్ము నిద్రపోవడము మంచి లెక్క కాదు.

అప్పుడప్పుడు ఒక్కసారిగా వచ్చే డబ్బు ఉంటుంది. డి.ఏ. బకాయిలు, సరెండరు చేసిన సంపాదిత సెలవుల జీతము, సింగరేణి కార్మికులకు లాభాల వాటా, పాడుకొన్న చీటీ. దానినంతా అప్పుకే కట్టమంటే ఇంటిల్లిపాదీ నామీద కోపగిస్తారు. సగము అప్పుకు, సగము ఇంటికి అని ముందే మాట అనుకోండి. డబ్బు చేతికి వచ్చిన తరువాత ఆ మాట కుదరదు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు నెలకొక వాయిదాకు బదులు రెండువారాలకొక అరవాయిదా కడతారు. ఏడాదిలో 52 వారాలు గనుక 26 అరవాయిదాలు, అంటే 13 నిండు వాయిదాలు అవుతాయి. పదమూడో వాయిదా కట్టినట్లు వారికే తెలియదు. మనకు నెలజీతాలు గనుక ఆ పద్ధతి అట్లాగే కుదరదు. దసరాకో ఉగాదికో ఏటా ఒక అదనపు వాయిదా కట్టినా ఫలితము అదే.

ఇప్పుడు కూరగాయల ఖర్చులో గాని, బిర్యానీలో గాని ఒక్క రూపాయి కోయకుండా అదనము కట్టే అవకాశము ఒకటి చెబుతాను. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగు, అంటే మారుతూండే వడ్డీ గల, గృహఋణాల రేటు బయటి కొలమానముతో, సాధారణముగా రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే రెపో రేటుతో ముడిపడి ఉంటున్నది. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు రెపో ఆరున్నర నుంచి అయిదుంబావుకు దిగినది. వడ్డీ దిగినప్పుడు వాయిదా తగ్గించమంటారా అని అడిగితే, వద్దనండి. మన దంపతుల వడ్డీ ఎనిమిదిన్నర నుంచి ఏడున్నరకు దిగితే వాయిదా 24,168కి తగ్గించుకోవచ్చు. తగ్గించుకోక పాత 26,035నే కడుతూ పోతే, 20 ఏండ్ల అప్పు సుమారు 17 ఏండ్లకే తీరుతుంది. అలవాటైన వాయిదాను అట్లాగే ఉంచడము. అంతకుమించి శ్రమ లేదు.

వడ్డీ పెరిగినప్పటి సంగతి వేరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి ఆరున్నరకు ఎక్కినది. ఏడు శాతమునకు 30 లక్షలు తీసుకొన్నవారి వాయిదా 23,259. వడ్డీ తొమ్మిదిన్నర అయితే 30 లక్షల మీద నెల వడ్డీయే 23,750. అసలు తగ్గడము మాట అటుంచి, వాయిదా అంతా పోసినా వడ్డీ కూడా తీరదు. అంతటి స్థితికి రానివారికి సైతము వాయిదా కదలకుండా గడువు ఏండ్లకేండ్లు సాగిపోయినది. వాయిదా మారలేదు గదా అని వారు నిశ్చింతగా ఉన్నారు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఈ విషయము పట్టించుకొని, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా అన్నది ఋణగ్రహీతనే ఎన్నుకోనివ్వాలనీ, ఇంతవరకు చెల్లిన అసలెంత, వడ్డీ ఎంత, మిగిలిన వాయిదాలు ఎన్ని అన్నది మూడు నెలలకొకసారి తెలియజేయాలనీ ఆదేశించినది. ఆ కాగితము వచ్చినప్పుడు చదవండి. మిగిలిన వాయిదాల సంఖ్య ఒక్కటి చూస్తే చాలు.

బ్యాంకుకు పోయినప్పుడు అడగవలసిన మాటలు కూడా చెప్పాలి. ఫ్లోటింగు వడ్డీ మీద వ్యక్తులు తీసుకొన్న గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే శాసించినది. స్థిరవడ్డీ అప్పు అయితే మీ ఒప్పంద పత్రము చూసుకోండి, అక్కడ రుసుము ఉండవచ్చు. అదనముగా కట్టిన సొమ్ము రాబోయే వాయిదాకు బయానాగా గాక, అసలుకే జమ కావాలని చెప్పండి. తరువాత మరొక మాట, ఇది మరువవద్దు: వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి. వాయిదా తగ్గిస్తే చేతిలో కొంత డబ్బు ఆడుతుంది గాని, అప్పు మాత్రము అదే ఇరవయ్యో ఏటివరకు నడుస్తుంది. కొన్ని సంస్థలు చిన్న మొత్తాలను అసలుకు జమ చేసుకోవు. అట్లాంటిచోట నెలకు రెండువేల చొప్పున రికరింగు డిపాజిట్టు కట్టి, వారు ఒప్పుకొనే మొత్తము కాగానే ఒక్కసారి చెల్లించవచ్చు.

కొందరు స్నేహితులు నాతో వాదిస్తారు. వడ్డీ మీద పన్ను మినహాయింపు పోగొట్టుకోవడమెందుకని. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవారికి, తాము నివసించే ఇంటి వడ్డీ మీద మినహాయింపే లేదు. పాత పద్ధతిలో ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల వరకే ఉన్నది; మన దంపతులు మొదటి ఏడాది కట్టే వడ్డీ రెండున్నర లక్షలు. ఇల్లు, అప్పు ఒకరి పేరనే ఉంటే ఆపై యాభైవేలకు ఏ మినహాయింపూ లేదు. అదీగాక, రూపాయి వడ్డీ కట్టి పన్నులో ముప్పై పైసలు మిగుల్చుకోవడము లాభమని నాకెవరూ నచ్చజెప్పలేకపోయారు. మ్యూచువల్ ఫండ్లలో అంతకన్న ఎక్కువ వస్తుంది గదా అన్న వాదము దీనికన్న బలమైనది. రావచ్చు. రాకపోవనూవచ్చు. అప్పులో కట్టిన రూపాయికి మిగిలే వడ్డీ మాత్రము ఖాయము. గుండెదిటవు, ఇరవై ఏండ్ల ఓపిక రెండూ ఉన్నవారితో నాకు తగవు లేదు.

అయితే ఇంటి అప్పుకన్న ముందు తీరవలసినవి ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ నెలకే మూడు శాతమును దాటుతుంది. దానిని ఉంచుకొని ఎనిమిదిన్నర శాతపు అప్పుకు అదనము కట్టేవాడు ఎక్కువ వడ్డీ నిచ్చి తక్కువ వడ్డీని తప్పించుకొంటున్నాడు. చేతి బదుళ్లు, బంగారము మీది అప్పు కూడా ముందే చూసుకోవాలి. కనీసము నాలుగైదు నెలల ఇంటి ఖర్చు, వాయిదాలతో సహా, తీయగలిగిన చోట ఉంచుకోండి. ఒకసారి అసలుకు జమ చేసిన సొమ్మును, ఓవర్‌డ్రాఫ్టు తరహా అప్పు అయితే తప్ప, తిరిగి ఇమ్మంటే బ్యాంకు ఇవ్వదు.

ఇక అప్పు తీరిననాటి పని. ఆఖరి వాయిదాతో అది ముగియదు. తాకట్టు పెట్టిన అసలు దస్తావేజులను అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలోపల తిరిగి ఇవ్వాలనీ, తమ వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లించాలనీ 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమము చేసినది. దస్తావేజులు చేతికి వచ్చినప్పుడు, నాడు మీరిచ్చిన జాబితాతో ఒక్కొక్క కాగితమును సరిచూసుకొని గాని రసీదు మీద సంతకము చేయవద్దు. బకాయి లేదన్న పత్రము తీసుకోండి. ఆ తరువాత సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఈసీ, అంటే ఆస్తి మీది తనఖాలు మొదలైన భారాలను చూపే పత్రము, తీయించి, బ్యాంకు పేరున తనఖా ఇంకా కనబడుతున్నదేమో చూడండి. కనబడితే బ్యాంకువారిని వెంటబెట్టుకొని దానిని రద్దు చేయించండి. ఇల్లు అమ్మదలచిననాడో, పిల్లల పేర రాయదలచిననాడో అది బయటపడితే మళ్లీ తిరుగుడు తప్పదు.